వెలుతురును బట్టి మారే మేత: సముద్ర సూక్ష్మ శైవలాల పోషక విలువపై కాంతి తీవ్రత ప్రభావం

ఉత్తర తెలంగాణ చెరువుల్లోనూ జలాశయాల్లోనూ చేప పిల్లలతో పాటు వదిలే నీలకంఠ రొయ్యను మంచినీటి జీవిగానే అందరూ ఎరుగుదురు. కానీ గుడ్డులోంచి వచ్చిన దాని పిల్ల మంచినీటిలో బతకదు. తొలి నెల రోజుల పాటు దానికి సముద్రపు నీటిలో దాదాపు మూడో వంతు ఉప్పదనం ఉన్న నీరు కావాలి. 1950ల చివర, 1960ల ఆరంభంలో మలేసియాలో షావో-వెన్ లింగ్ అనే శాస్త్రవేత్త ఈ సంగతిని గుర్తించిన తర్వాతే ఈ రొయ్యకు హాచరీలు సాధ్యమయ్యాయి. ఆ వెనుక హవాయిలో తకుజి ఫుజిమురా బృందం పిల్లలను పెద్ద ఎత్తున పెంచే పద్ధతిని రూపొందించినప్పుడు తొట్టెల్లోని నీటిని సూక్ష్మ శైవలాలతో (నీటిలో తేలే ఒంటికణపు నాచుతో) పచ్చగా ఉంచింది. ఆ శైవలాలను రొయ్య పిల్లలు నేరుగా పెద్దగా తినవు. రొయ్య పిల్లలకు మేతగా వేసే ఆర్టీమియా అనే చిన్న జీవి ఆ శైవలాలను తిని బలపడుతుంది, నీటిలోని అమ్మోనియా కూడా తగ్గుతుంది. కోస్తా హాచరీల్లో పెరిగే వనామి, టైగర్ రొయ్యల విషయంలో ఈ సంబంధం ఇంకా సూటిగా ఉంటుంది. గుడ్డు నుంచి వెలువడిన తొలి దశ అయిన నాప్లియస్‌లో తనలోని పచ్చసొనతోనే గడిపే పిల్ల, తర్వాతిదైన జోయియా దశకు చేరగానే తినే మొదటి మేత కీటోసిరాస్, స్కెలిటోనిమా, థలాసియోసైరా వంటి డయాటంలే, అంటే సిలికా గోడ ఉన్న శైవలాలే. జపాన్‌లో మోటోసాకు ఫుజినాగా రొయ్య పిల్లలను గుడ్డు నుంచి పెంచగలగడానికి కారణమైన మేత కూడా స్కెలిటోనిమాయే. పండుగప్ప పిల్లలకు పెట్టే రోటిఫర్లనే సూక్ష్మ జంతువులను నానోక్లోరాప్సిస్ అనే శైవలంతో పెంచుతారు. వరంగల్ మార్కెట్‌కు కోస్తా నుంచి వచ్చే పెంపకపు రొయ్య వెనుక కంటికి విడిగా కనిపించని ఈ కణాల మేత ఉంది.

ఈ శైవలాలను సీసాల్లో, ప్లాస్టిక్ సంచుల్లో, తొట్టెల్లో పెంచేవారు కాంతిని సాధారణంగా పెరుగుదలకు సంబంధించిన విషయంగానే చూస్తారు. వెలుతురు తగినంత ఉంటే కణాలు త్వరగా రెట్టింపవుతాయి, నీటి రంగు చిక్కబడుతుంది, మిల్లీలీటరుకు కణాల సంఖ్య పెరుగుతుంది; పని సవ్యంగా సాగుతున్నట్టే లెక్క. అయితే ఒకే జాతి శైవలాన్ని, ఒకే పోషక ద్రావణంలో, రెండు వేర్వేరు వెలుతురుల కింద పెంచితే చేతికి వచ్చేది రెండు వేర్వేరు మేతలు. మాంసకృత్తుల వాటా, నిల్వ ఉండే పిండిపదార్థం, కొవ్వు పరిమాణం, ఆ కొవ్వులో ఏ కొవ్వు ఆమ్లాలు ఎంత ఉన్నాయన్నది అన్నీ మారిపోతాయి. పైగా ఆ మార్పును శాసించేది వెలుతురును కొలిచే లక్స్ మీటరు చూపే అంకె ఒక్కటే కాదు. ఒక్కో కణానికి నిజంగా అందిన వెలుతురు ఎంత, ఆ వెలుతురును వాడుకోవడానికి నీటిలో మిగిలిన నత్రజని ఎంత అన్న రెండు విషయాలను కలిపి చూసినప్పుడే కాంతి ప్రభావం అర్థమవుతుంది. ఈ విషయంపై వెలువడే ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగనట్టు కనిపించడానికి ప్రధాన కారణం ఈ రెండింటినీ విడదీసి చూడకపోవడమే.

పెంపకంలో ఉన్న సముద్ర సూక్ష్మ శైవలాలు చురుగ్గా పెరిగే దశ చివర్లో ఉన్నప్పుడు, వాటి పొడి బరువులో సాధారణంగా 30 నుంచి 40 శాతం మాంసకృత్తులు, 10 నుంచి 20 శాతం కొవ్వులు, 5 నుంచి 15 శాతం పిండిపదార్థాలు ఉంటాయి. డయాటంలకు సిలికా గోడ ఉండటం వల్ల వాటిలో బూడిద వాటా ఎక్కువ. పెరుగుదల ఆగి నిలకడ దశకు చేరితే ఈ నిష్పత్తులు వేగంగా తారుమారవుతాయి. మాంసకృత్తులు తగ్గి, పిండిపదార్థాలు రెట్టింపు కూడా కావచ్చు. మాంసకృత్తుల్లోని అమైనో ఆమ్లాల పొందిక మాత్రం పరిస్థితులు మారినా పెద్దగా చెదరదు. అంటే కాంతి ప్రభావం మాంసకృత్తుల నాణ్యత మీద కన్నా వాటి పరిమాణం మీద, అంతకు మించి కొవ్వుల మీద పడుతుంది. సముద్ర జీవుల పిల్లలకు నిర్ణాయకమైనవి కూడా ఆ కొవ్వులే. ఈపీఏ, డీహెచ్ఏ అనే పొడవాటి బహుళ అసంతృప్త కొవ్వు ఆమ్లాలను అవి తమంతట తాము సరిపడా తయారు చేసుకోలేవు; మేత ద్వారానే అందాలి. కీటోసిరాస్‌లో, నానోక్లోరాప్సిస్‌లో ఈపీఏ పుష్కలంగా ఉంటుంది కానీ డీహెచ్ఏ అంతంత మాత్రం లేదా అసలు ఉండదు. ఐసోక్రైసిస్‌లో డీహెచ్ఏ బాగా ఉంటుంది. పావ్‌లోవాలో రెండూ ఉంటాయి. డ్యునాలియెల్లాలో రెండూ లేవు. అందువల్ల కాంతి గురించి ఏం చెప్పినా ముందు ఏ జాతి గురించి చెబుతున్నామో తేల్చుకోవాలి.

కాంతి కణంలో ఏం చేస్తుందన్నది ఇక్కడ కీలకం. వెలుతురు తక్కువగా ఉన్నప్పుడు దానికి అనుగుణంగా కిరణజన్య సంయోగక్రియ వేగం పెరుగుతుంది. ఒక హద్దు దాటాక వెలుతురు పెంచినా వేగం పెరగదు. ఇంకా పెంచితే పడిపోతుంది. చదరపు మీటరు మీద సెకనుకు పడే ఫోటాన్లను (కాంతి రేణువులను) మైక్రోమోళ్లలో కొలిస్తే, పెంపకంలో ఉన్న చాలా జాతులకు ఆ హద్దు 100 నుంచి 300 మధ్య వస్తుంది. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు ఆరుబయట దాదాపు 2,000 ఉంటుంది. అధిక వెలుతురులో ముందుగా దెబ్బతినేది కాంతిని అందుకునే యంత్రాంగంలోని డీ1 అనే మాంసకృత్తు; కణం దాన్ని ఎప్పటికప్పుడు మరమ్మతు చేసుకోవాల్సి వస్తుంది, మరమ్మతు కన్నా నష్టం వేగంగా జరిగితే పెరుగుదల మందగిస్తుంది.

ఈ హద్దుకు దిగువన, ఎగువన కణం తన నిర్మాణాన్నే మార్చుకుంటుంది. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో మక్కజొన్న నీడలో పెరిగే పసుపు ఆకు ఎండలో ఉన్న ఆకు కన్నా వెడల్పుగా, ముదురు పచ్చగా ఉండటానికి ఏది కారణమో ఇక్కడా అదే కారణం: వెలుతురు కొరవడితే దాన్ని పట్టుకునే సాధనాలను పెంచుకోవడం. తక్కువ వెలుతురులో పెరిగిన కణంలో పత్రహరితం ఎక్కువగా ఉంటుంది, డయాటంలలోనూ ఐసోక్రైసిస్‌లోనూ గోధుమ రంగునిచ్చే ఫ్యూకోజాంతిన్ కూడా ఎక్కువగా ఉంటుంది. ఈ వర్ణకాలు కణంలో కాంతిని పట్టే థైలకాయిడ్ పొరల్లో, మాంసకృత్తులకు అంటిపెట్టుకొని ఉంటాయి. వర్ణకాలు పెరగాలంటే పొరలు పెరగాలి, మాంసకృత్తులూ పెరగాలి. ఆ పొరలు గాలక్టోలిపిడ్లనే కొవ్వులతో నిర్మితమవుతాయి. నానోక్లోరాప్సిస్‌లో, డయాటంలలో ఈపీఏ ఎక్కువగా చేరేది ఈ పొరల కొవ్వుల్లోనే. మసక వెలుతురులో పెరిగిన కణం ఈపీఏను పోగు చేసుకోవడానికి కారణం ఇదే. దానికి కావలసింది మేత విలువ కాదు, వెలుతురును పట్టే పొర. మేత విలువ దాని వెంట వచ్చే ఫలితం.

వెలుతురు పుష్కలంగా ఉన్న కణం పరిస్థితి వేరు. అది పట్టుకునే శక్తి దాని కణవిభజనకు కావలసిన దానికన్నా ఎక్కువ. మిగిలిన కార్బన్‌ను అది నిల్వ చేస్తుంది: టెట్రాసెల్మిస్, డ్యునాలియెల్లా వంటి ఆకుపచ్చ శైవలాలు పిండి రూపంలో, డయాటంలు క్రైసోలామినారిన్ అనే కరిగే పిండిపదార్థం రూపంలో, చాలా జాతులు ట్రైగ్లిసరైడ్ల రూపంలో నూనె బొట్లుగా. ఈ నిల్వ నూనెలో ప్రధానంగా ఉండేవి పామిటిక్, పామిటోలియిక్ వంటి సంతృప్త, ఏక అసంతృప్త కొవ్వు ఆమ్లాలు. అందువల్ల మొత్తం కొవ్వు పెరుగుతుంది, కానీ ఆ కొవ్వులో ఈపీఏ వాటా తగ్గుతుంది. 1989లో అసాఫ్ సుకెనిక్ బృందం నానోక్లోరాప్సిస్‌పై ప్రచురించిన పరిశోధన ఈ విషయాన్ని స్పష్టంగా నిలబెట్టింది: వెలుతురు కొరతలో పెరిగిన కణాల్లో గాలక్టోలిపిడ్లు, ఈపీఏ ఎక్కువ, వెలుతురు సరిపోయాక ట్రైగ్లిసరైడ్లు పెరిగి, 16 కార్బన్ల కొవ్వు ఆమ్లాలు పైకి వచ్చాయి. డీహెచ్ఏ సంగతి అంత సూటిగా ఉండదు. అది కాంతిని పట్టే పొరలకు అంతగా ముడిపడి ఉండదు గనుక ఐసోక్రైసిస్ వంటి జాతుల్లో వెలుతురు పెరిగినప్పుడు దాని వాటా తగ్గకపోవచ్చు, కొన్నిసార్లు పెరగవచ్చు కూడా. ఈపీఏ, డీహెచ్ఏ రెండింటినీ కలిపి 'ఒమేగా-3' అని ఒకే పేరు కింద చూపే పట్టికలు ఈ తేడాను పూర్తిగా కప్పేస్తాయి.

ఈ విషయంలో జాగ్రత్తగా చూడవలసిన మరో చిక్కు శాతాలది. ఊహాత్మకంగా ఒక లెక్క వేసి చూద్దాం. మసక వెలుతురులో పెరిగిన శైవలం పొడి బరువులో కొవ్వు ఆమ్లాలు 10 శాతం, వాటిలో ఈపీఏ 30 శాతం అనుకుంటే, ఒక గ్రాము పొడి శైవలంలో ఈపీఏ 30 మిల్లీగ్రాములు. ఎక్కువ వెలుతురులో పెరిగిన దానిలో కొవ్వు ఆమ్లాలు 20 శాతం, ఈపీఏ వాటా 18 శాతం అనుకుంటే గ్రాముకు 36 మిల్లీగ్రాములు. వాటా చూస్తే మొదటిది మేలు, పరిమాణం చూస్తే రెండోది మేలు. ఇక లీటరు నీటికి లెక్క కడితే, రెండో దానిలో కణాలు కూడా ఎక్కువ గనుక తేడా ఇంకా పెరుగుతుంది. అయినా పిల్లకు రెండోదే మంచిదని వెంటనే చెప్పలేం, ఎందుకంటే రోటిఫరో రొయ్య పిల్లో రోజుకు తినగలిగే మేతకు హద్దుంటుంది. కడుపు నిండేలోపు ఎంత ఈపీఏ అందింది, దాంతో పాటు ఎంత మాంసకృత్తు అందింది అన్నది అసలు ప్రశ్న. పరిశోధన ఫలితాన్ని కొవ్వు ఆమ్లాల శాతంగా, పొడి బరువుకు, కణానికి, లీటరుకు అని నాలుగు విధాలుగా చెప్పవచ్చు, నాలుగూ నాలుగు వేర్వేరు కథలు చెప్పవచ్చు. ఏ కొలమానంలో చెప్పారో చూడకుండా రెండు వ్యాసాలను పోల్చడం వృథా.

నత్రజని విషయం దీనికన్నా లోతైనది, ఆచరణలో ఎక్కువగా పట్టించుకోనిదీ ఇదే. ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో వాడే ఎఫ్/2 అనే పోషక ద్రావణానికి మూలం 1962లో గిలార్డ్, రైథర్ ఇచ్చిన సూత్రం. అందులో లీటరుకు 75 మిల్లీగ్రాముల సోడియం నైట్రేట్ ఉంటుంది. దానిలోని నత్రజని సుమారు 12.4 మిల్లీగ్రాములు. ఆహార రసాయన శాస్త్రంలో నత్రజని నుంచి మాంసకృత్తును అంచనా వేయడానికి అలవాటుగా వాడే 6.25 గుణకంతో లెక్కిస్తే, ఆ నత్రజని అంతా మాంసకృత్తుగా మారినా లీటరుకు 77 మిల్లీగ్రాములకు మించదు. సూక్ష్మ శైవలాలకు సరిపోతుందని సూచించిన 4.78 గుణకంతో అయితే 60 మిల్లీగ్రాముల లోపే. 35 శాతం మాంసకృత్తులున్న శైవలం కావాలనుకుంటే, ఆ లీటరు నీరు 170 నుంచి 220 మిల్లీగ్రాముల పొడి బరువు వరకే అలాంటి మేతను ఇవ్వగలదు. అంతకు పైన పెరిగే ప్రతి మిల్లీగ్రామూ పిండిపదార్థమో నూనెయో తప్ప కొత్త మాంసకృత్తు కాదు. వెలుతురు ఎంత పెంచినా ఈ లెక్క మారదు.

దీన్నుంచి తేలే విషయం ప్రయోగాల తీరును ప్రశ్నించేది. రెండు సీసాల్లో ఒకే ద్రావణం పోసి, ఒకదాన్ని 50 మైక్రోమోళ్ల కింద, మరోదాన్ని 200 మైక్రోమోళ్ల కింద పెట్టి, ఒకే రోజున రెండింటినీ వడకట్టి విశ్లేషించారనుకుందాం. ఎక్కువ వెలుతురు సీసాలోని కణాలు నాలుగో రోజుకే నైట్రేట్‌ను హరించేసి, ఆ తర్వాత కొవ్వును కూడబెట్టుకుంటూ ఉంటాయి. తక్కువ వెలుతురు సీసాలో ఇంకా నైట్రేట్ మిగిలే ఉంటుంది. విశ్లేషణలో కనిపించే తేడాలో కాంతి వల్ల వచ్చిందెంత, నత్రజని అయిపోవడం వల్ల వచ్చిందెంత? ఆ ప్రయోగం జవాబు చెప్పలేదు. అయినా ఫలితాన్ని 'కాంతి తీవ్రత ప్రభావం' అన్న శీర్షిక కిందే రాస్తారు. ఈ రెండింటినీ విడదీయాలంటే రోజూ కొంత కల్చర్‌ను (శైవలం పెరుగుతున్న నీటిని) తీసేసి అంతే తాజా ద్రావణం పోస్తూ కణాల సంఖ్యను ఒకే స్థాయిలో నిలిపే పద్ధతి పాటించాలి, లేదా కనీసం ఒకే రోజున కాక ఒకే పెరుగుదల దశలో కోత కోయాలి. కొత్త వెలుతురుకు కణాలు అలవాటు పడటానికి కొన్ని తరాల విభజనలు పడుతుంది గనుక, వెలుతురు మార్చిన మరునాటి నమూనా కూడా పాత వెలుతురు గుణాన్నే కొంతవరకు చూపుతుంది.

కార్బన్ సరఫరాదీ ఇలాంటి చిక్కే. వెలుతురు పెంచి, గాలి బుడగలు చాలినంత ఇవ్వకపోతే కణాలు నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను వేగంగా లాగేసుకుంటాయి, పీహెచ్ 9 దాటుతుంది. అప్పుడు పెరుగుదల ఆగిపోవడానికి కారణం వెలుతురు ఎక్కువ కావడం అనుకుంటే పొరపాటు.

ఇక కొలత. కళాశాలల్లోనూ హాచరీల్లోనూ అందుబాటులో ఉండేది లక్స్ మీటరు; ఇప్పుడు ఫోన్ యాప్‌లతో కూడా కొలుస్తున్నారు. లక్స్ అనేది మనిషి కంటి సున్నితత్వాన్ని ఆధారం చేసుకున్న కొలత. మన కన్ను పచ్చ రంగు కాంతికి ఎక్కువగా స్పందిస్తుంది. పత్రహరితం నీలం, ఎరుపు కాంతులను ఎక్కువగా పీల్చుకుంటుంది. సూర్యకాంతిలో 1 మైక్రోమోల్ దాదాపు 54 లక్స్‌కు సమానం కాగా, తెల్లని ట్యూబ్‌లైటు కింద దాదాపు 74 లక్స్‌కు సమానం. 5,000 లక్స్ ట్యూబ్‌లైటు వెలుతురు అంటే సుమారు 68 మైక్రోమోళ్లు. అదే 5,000 లక్స్ ఎండ అయితే సుమారు 93. నీలం, ఎరుపు కలిపిన ఎల్ఈడీ దీపాల కింద లక్స్ అంకె చాలా తక్కువగా కనిపించినా శైవలానికి అందే శక్తి బాగా ఎక్కువ ఉండవచ్చు. హాచరీ కరదీపికలు చెప్పే 2,500 నుంచి 5,000 లక్స్ అన్న సూచన ట్యూబ్‌లైట్ల కాలానిది. ఎల్ఈడీ దీపాలు వాడేవారు దాన్ని అలాగే పాటించకూడదు.

సరిగ్గా కొలిచినా అది సీసా గోడ దగ్గరి అంకె మాత్రమే. లోపలికి పోయేకొద్దీ ప్రతి కణం తన వెనకున్న కణానికి అడ్డు వస్తుంది. చిక్కని కల్చర్‌లో ప్రతి 2 సెంటీమీటర్లకు వెలుతురు సగం తగ్గుతుందనుకుంటే, గోడ దగ్గర 160 మైక్రోమోళ్లున్న చోట 10 సెంటీమీటర్ల లోపల మిగిలేది 5 మాత్రమే. పలచని కల్చర్‌లో అదే దీపం లోపలి దాకా నిండుగా వెలుగు ఇస్తుంది. మొదటి రోజున కణాలు ఎండలో ఉన్నట్టూ, ఆరో రోజున నీడలో ఉన్నట్టూ లెక్క, దీపం మాత్రం మారలేదు. అందుకే ఎక్కువ వెలుతురు ఇచ్చి చిక్కగా పెంచిన 20 లీటర్ల కార్బాయ్ అనే పెద్ద సీసాలోని శైవలం, తక్కువ వెలుతురులో పెంచిన చిన్న సీసాలోని శైవలం కన్నా నీడ గుణాలు ఎక్కువగా చూపవచ్చు. గాలి బుడగలు నీటిని కలియబెట్టే వేగం కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది, ఎందుకంటే గోడ దగ్గరి వెలుగులోకి, మధ్యలోని చీకటిలోకి కణం ఎంత తరచుగా వచ్చిపోతుందన్నదే దానికి అందే సగటు వెలుతురును నిర్ణయిస్తుంది.

వెలుతురు గంటలను కూడా తీవ్రతతో కలిపే చూడాలి. 100 మైక్రోమోళ్ల వెలుతురు 12 గంటలిస్తే రోజుకు చదరపు మీటరుకు 4.32 మోళ్ల ఫోటాన్లు, 24 గంటలిస్తే 8.64. పగలు పోగైన పిండిపదార్థాన్ని కణం రాత్రి వేళ మాంసకృత్తుల తయారీకీ శ్వాసక్రియకూ ఖర్చు చేస్తుంది. అందువల్ల చీకటి ముగిసే వేళ కోసిన శైవలంలో మాంసకృత్తుల వాటా, వెలుతురు ముగిసే వేళ కోసిన దానిలో పిండిపదార్థాల వాటా ఎక్కువగా కనిపిస్తాయి. కోత వేళ రాయని విశ్లేషణను ఎంతవరకు నమ్మాలో ఆలోచించుకోవాలి.

వర్ణకాలు, విటమిన్ల గురించి కొద్దిగా. తీవ్రమైన వెలుతురులో కణం మిగులు శక్తిని వేడిగా వదిలించుకోవడానికి వేరే వర్ణకాలను వాడుకుంటుంది: ఆకుపచ్చ శైవలాల్లోనూ నానోక్లోరాప్సిస్‌లోనూ వయొలాజాంతిన్ జియాజాంతిన్‌గా, డయాటంలలో డయాడినోజాంతిన్ డయాటోజాంతిన్‌గా మారుతుంది. ఇక డ్యునాలియెల్లా సలీనా ఈ పనిని అందరికన్నా ఘనంగా చేస్తుంది; తీవ్రమైన ఎండ, అధిక ఉప్పదనం, నత్రజని కొరత కలిసిన చోట అది పొడి బరువులో 10 శాతం వరకు బీటా-కెరోటిన్‌ను నింపుకొని ఎర్రబడుతుంది. ఆస్ట్రేలియా పశ్చిమ తీరంలోని హట్ లగూన్‌లో వాణిజ్య స్థాయిలో దీన్ని పెంచుతున్నారు. మసక వెలుతురును కోరే ఈపీఏ ఉత్పత్తికీ, మండుటెండను కోరే కెరోటిన్ ఉత్పత్తికీ ఒకే 'అనుకూల కాంతి' ఉండదు. ఇక విటమిన్-సి సూక్ష్మ శైవలాల్లో గ్రాము పొడి బరువుకు 1 నుంచి 16 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. ఆ తేడాలో పెద్ద భాగం జాతిని బట్టే.

ఇంతకూ పిల్లకు ఏది మంచిది? మసక వెలుతురులోని ఈపీఏ వాటాను చూసి అదే మేలైన మేత అని తీర్మానించడం సులువు, కానీ ఆ తీర్మానం అన్ని చోట్లా నిలబడదు. 1990ల తొలినాళ్లలో కెనడాలో పసిఫిక్ ఆయిస్టర్ పిల్లలపై జరిగిన పరిశోధనలో ఎక్కువ వెలుతురులో పెరిగిన శైవలాలు మేలు చేశాయి, ఆ మేలు 14:0, 16:0 అనే సంతృప్త కొవ్వు ఆమ్లాల పెరుగుదలతో సరిపోలింది. దానికి అర్థం ఈపీఏ అక్కర్లేదని కాదు. అత్యవసర కొవ్వు ఆమ్లాలు ఒక కనీస స్థాయికి చేరాక, వేగంగా పెరిగే పిల్లకు సులభంగా ఖర్చు చేయగల శక్తి కావాలి, సంతృప్త కొవ్వు దాన్ని అందిస్తుంది. అలాగే రొయ్య జోయియా దశలో కొవ్వు కన్నా మాంసకృత్తుల లోటు ముందుగా ప్రమాదం తెచ్చే పరిస్థితి కూడా ఉండవచ్చు. కాబట్టి నిర్ణయం తినే జీవి వైపు నుంచి మొదలవ్వాలి. రోటిఫర్ల ద్వారా పండుగప్ప పిల్లలకు ఈపీఏ చేరవేయడానికి నానోక్లోరాప్సిస్‌ను పెంచేవారికి తక్కువ సగటు వెలుతురు, మిగిలి ఉన్న నైట్రేట్, చురుకైన పెరుగుదల దశలో కోత అనుకూలం. ఆయిస్టర్ పిల్లలకు కొంచెం ఎక్కువ వెలుతురు, కొంచెం ముదిరిన కల్చర్ సరిపోవచ్చు. జాతులను కలిపి మేపితే ఒకదానిలో లేనిది మరొకటి పూరిస్తుంది. అనుభవమున్న హాచరీలు చేసేది అదే, ఈ విషయంలో వాటి అనుభవం చాలా వ్యాసాలకన్నా ముందుంది.

సముద్రానికి దూరంగా ఉన్న వరంగల్‌లో ఈ పని అసాధ్యమేమీ కాదు. 1976లో ఏర్పడ్డ కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం చదివే విద్యార్థులకు కృత్రిమ సముద్ర లవణం, ఎఫ్/2 ద్రావణపు రసాయనాలు, సూక్ష్మదర్శిని, కణాలు లెక్కించే గాజు పలక, నైట్రేట్ పరీక్ష కిట్ ఉంటే అర్థవంతమైన ప్రయోగం చేయవచ్చు. ఇక్కడి అసలు అడ్డంకి ఉష్ణోగ్రత. ఏప్రిల్, మే నెలల్లో బయట 42 డిగ్రీలు దాటే ఊళ్లో, పెంపకానికి తగిన 20 నుంచి 25 డిగ్రీల గది నిలపడం ఖర్చుతో కూడిన పని. పైగా దీపాలను సీసాలకు దగ్గరగా జరిపి వెలుతురు పెంచితే సీసా వేడెక్కుతుంది, అప్పుడు వెలుతురు ప్రభావం అనుకున్నది వేడి ప్రభావం కావచ్చు. ఉష్ణోగ్రత పెరిగితే కొవ్వు ఆమ్లాల అసంతృప్తత తగ్గడం సాధారణం గనుక ఈ గందరగోళం కొవ్వుల ఫలితాన్నే ముందుగా చెడగొడుతుంది. దీపాన్ని దూరంగానే ఉంచి, సీసా చుట్టూ తెల్లని గుడ్డ పొరలు ఒకటి, రెండు, మూడు చుట్టి వెలుతురును అంచెలుగా తగ్గించడం ఇంతకన్నా నమ్మదగిన పద్ధతి. అన్ని సీసాలూ ఒకే వేడిలో ఉంటాయి. జాతి ఎంపికలో కూడా వేడిని తట్టుకునే వాటికి మొగ్గు చూపాలి. తాహితి నుంచి వేరుచేసిన ఐసోక్రైసిస్ రకం, కీటోసిరాస్ మ్యూలరి ఇక్కడి వాతావరణానికి చల్లని సముద్రాల జాతులకన్నా బాగా ఒదుగుతాయి.

ఇదే సూత్రం మన మంచినీటి నర్సరీ కుంటల్లోనూ పనిచేస్తుంది, కాకపోతే అక్కడ జాతులు వేరు, లక్ష్యమూ వేరు. బొచ్చె, రవ్వ, బంగారుతీగ పిల్లలు తినే జంతుప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మ జంతువులు) శైవలాలను తినే పెరుగుతాయి. ఈ మంచినీటి చేపలు లినోలెనిక్ ఆమ్లం నుంచి పొడవాటి కొవ్వు ఆమ్లాలను కొంతవరకు తామే తయారు చేసుకోగలవు గనుక, సముద్ర పిల్లలకున్నంత ఈపీఏ ఒత్తిడి వీటికి లేదు. కుంటలో పేడ, ఎరువు వేసి నీటిని పచ్చబరిచినప్పుడు, నీటిలోకి దించి చూసే తెల్లని సెచ్చి పలక 30 నుంచి 40 సెంటీమీటర్ల లోతులో కనుమరుగైతే నీరు సరిగా ఉందని మత్స్యశాఖ సిబ్బంది చూసుకుంటారు. 15 సెంటీమీటర్లకే పలక కనిపించకుండా పోయే కుంటలో పైనున్న పలచని పొర మాత్రమే ఎండలో ఉంటుంది, కింద ఉన్న కణాలు కాంతి లేక శ్వాసిస్తూ ఆక్సిజన్‌ను ఖర్చు చేస్తుంటాయి. తెల్లవారుజామున చేపలు నీటి పైకి వచ్చి గాలి మింగడానికి కారణం అక్కడే ఉంటుంది. అలాంటి కుంటలో ఎరువు వేయడం ఆపి, నీటిని కొంత మార్చి, పలక కనిపించే లోతును పెంచడమే ముందుగా చేయవలసిన పని.